మిద్దెను పడగొట్టుటకు ముందు

మృగశిర కార్తె సమీపించుచున్నది. విత్తనపు వేరుసెనగ కాయలు ఒలిపించుట, గుంటకలు బాగుచేయించుట, ఎరువు తోలించుట మున్నగు పనులలో మన సభ్యులు మునిగియుందురు. పూర్వము ఈ దినములలో మఱియొక పనియు జరుగుచుండెడిది. తొలకరికి ముందు ఇంటింటివారును మిద్దెనెక్కి, పాతమట్టిని చదునుచేసి, నెఱియలు పూడ్చి, క్రొత్త చవుడు పరచి, నీరు జారు తూములను శుభ్రము చేయుచుండిరి. ఇప్పుడు మన ముదిగుబ్బ ప్రాంతపు గ్రామములలో ఆ పని చేయు ఇండ్లు ఏటేట తగ్గుచున్నవి. పట్టించుకొనని మిద్దె కారుచున్నది. కారిన మిద్దె కొన్నేండ్లకు కూలుచున్నది. ఆ స్థలమున సిమెంటు కప్పు లేచుచున్నది. దానితోపాటు ఆ ఇంటివానికి అప్పును పెరుగుచున్నది.

సిమెంటు ఇల్లు కట్టుకొనువారిని నిందించుట మా ఉద్దేశము కాదు. కప్పు కారక, చెదలకును తేళ్లకును జడియక నిద్రింపవలెనను కోరిక న్యాయమైనది. అయితే నిలువగల మిద్దెను పడగొట్టి క్రొత్త ఇల్లు కట్టుటకు అప్పు దొరకుచున్నది. ఆ మిద్దెనే బాగుచేసికొనుటకు ఎక్కడను దొరకుట లేదు. ఈ లోపమును మన సంఘమే తీర్పవలెనని మా అభిప్రాయము. అందులకు కారణములను సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

మొదట మిద్దె యనగా ఏమో విచారింతము. మన పెద్దలు భూమి నుండి దొరకిన దానితోనే దీనిని కట్టిరి. పునాదికిని, నేలమీద రెండడుగుల ఎత్తువఱకును గట్టిరాయి, ఆపైన రాయి గాని, త్రొక్కిన ఎఱ్ఱమన్ను గాని గోడ, గోడలపై వేప, తుమ్మ మున్నగు చెట్ల దూలములు, దూలములపై దంతెలు, వానిపై సన్నని కట్టెలు గాని నాపబండలు గాని, అంతట ఆకు గాని గడ్డి గాని పరచి తడిమట్టి తట్టి, పైన చవుడు పోయుదురు. వెలుతురునకును పొగ పోవుటకును నడుమ గవాక్షి యుండును. చవుడు మన్నులో సోడా పదార్థ మధికము. అది తడిసినప్పుడు మన్నులోని జిగురు రేణువులు విడివడి సందులన్నిటిని పూడ్చివేయును; అందుచే నీరు లోనికి దిగదు. పైరు మొలవని ఆ చవుటినేల మన్నే కప్పుమీద వానను ఆపుచున్నది. ఈ రహస్యమును ఏ పాఠశాలయు నేర్పకయే మన రైతులు కనుగొని తరతరములుగా వాడిరి.

ఇట్టి ఇల్లు ఈ సీమకు ఏల కుదిరెనో కూడ చూడవలెను. అనంతపురపు మెట్టభూములలో సంవత్సరమునకు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. ఎండ మాత్రము వేసవిలో 40 డిగ్రీలను దాటును. వాన తక్కువ గనుక చదునైన మట్టికప్పు చెల్లినది. ఎండ యెక్కువ గనుక మందపుగోడ అవసరమైనది. ఒకటిన్నర అడుగుల మట్టిగోడను పగటివేడి దాటి లోనికి వచ్చుటకు ఇంచుమించు పది గంటలు పట్టును. అప్పటికి వెలుపల రాత్రియై గాలి చల్లబడును. నాలుగైదు అంగుళముల కాంక్రీటు కప్పునైతే అదే వేడి మూడు నాలుగు గంటలలో దాటును. మధ్యాహ్నము తాగిన ఎండను సాయంకాలము నుండి అర్ధరాత్రివఱకు అది ఇంటిలోనికి క్రక్కును. సిమెంటు ఇల్లు కట్టిన తరువాత వేసవిరాత్రులు ఆరుబయట మంచము వేసికొనువారును, పంకా తిరిగినను నిదురపట్టని వారును ప్రతి గ్రామమున కలరు. కరెంటు బిల్లును ఈ ఇంటి ఖర్చులో చేర్చి లెక్కింపవలెను.

ఇంతవఱకు మిద్దె గుణములు చెప్పితిమి. దోషములను దాచినచో ఈ పత్రిక సభ్యులకు ద్రోహము చేసినదగును.

మొదటి దోషము బరువు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గదిపై ఒక అడుగు మందము మట్టి యున్నచో అది 100 ఘనపుటడుగులు. ఎండిన మట్టియే సుమారు నాలుగున్నర టన్నులు తూగును. తడిసినచో ఇంకను అధికము. ఏటేట పాతమట్టిని గీచి తీయక, పైపైన క్రొత్త చవుడు పోసికొనుచు పోవుట అనేకుల అలవాటు. మూడంగుళములు పెరిగినచో ఆ గదిపైనే మఱియొక టన్నుకు మించిన బరువు చేరినట్లు. తాత వేసిన దూలము మనుమని కాలపు మట్టిని మోయజాలదు.

రెండవ దోషము నీరు. 2021 నవంబరు మాసమున కురిసిన భారీవర్షములకు రాయలసీమ జిల్లాలలో మట్టి ఇండ్లు అనేకములు కూలెను. కరవుసీమ యగుటచే దీర్ఘవర్షమునకు మన మిద్దెలు సిద్ధముగా నుండవు. అయితే అదే నవంబరులో మన పొరుగుననున్న కదిరి పట్టణమున నిర్మాణమందున్న బహుళ అంతస్తుల భవనము ప్రక్క ఇండ్లపై కూలి, పసిపిల్లలతో సహా కొందఱు ప్రాణములు కోల్పోయిరి. కావున కాపాడునది మట్టియు కాదు, సిమెంటును కాదు. సక్రమమైన పునాదియు, పనిలో శ్రద్ధయు, కాలమున మరమ్మతును అని గ్రహింపవలెను.

మూడవది భూకంపము. 1993 సెప్టెంబరు 30వ తేదీ వేకువన మహారాష్ట్రమందలి లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున భూమి కంపించి వేలకొలది జనులు మరణించిరి. వారి ఇండ్లు గుండ్రాళ్లను మట్టితో పేర్చిన మందపుగోడలును, కట్టెలపై బరువైన మట్టికప్పును గలవి. మన మిద్దెలకు ఇవి దగ్గరి బంధువులే. గోడ లోపలివరుసను వెలుపలివరుసను కలిపి పట్టు పొడవురాళ్లు లేకుండుట, కప్పు బరువు మితిమీరుట ఆ నష్టమునకు ముఖ్యకారణములని ఇంజనీర్లు తేల్చిరి. ఆ సంవత్సరముననే భారత ప్రమాణముల సంస్థ మట్టికట్టడములు భూకంపమునకు తట్టుకొనునట్లు కట్టు విధానమును 13827 అను సంఖ్యతో ప్రకటించెను. మట్టి ఇంటిని విడువుమని కాక, దానిని ఎట్లు కట్టవలెనో చెప్పుటకే ఆ ప్రమాణము పుట్టినది.

ఇక నాలుగవది, స్త్రీల శ్రమ. గోడలకు ఎఱ్ఱమన్ను పూయుట, నేల అలుకుట ఎవరి చేతిపనియో మన మందఱము ఎఱుగుదుము. మట్టి ఇంటిని పొగడు పురుషులు తొలుత ఆ పనిలో పాలు పంచుకొనవలెను. నేలకు నాపబండ పరచి, గోడకు సున్నము కలిపిన గార పూసినచో ఈ శ్రమ చాల తగ్గును.

ఈ దోషములన్నియు తీర్పదగినవి. కాని ‘కచ్చా ఇల్లు’ అను మాట మనవారి మనస్సును విఱిచినది. 2011 నాటి సామాజిక, ఆర్థిక, కులగణనలో మట్టిగోడలను, పచ్చి ఇటుక గోడలను ‘కచ్చా’ క్రింద వ్రాసిరి. నూఱేండ్లు నిలిచిన మిద్దెయు, నిన్న వేసిన గుడిసెయు ఒకే పద్దున చేరినవి. గృహసహాయమునకు అర్హతను నిర్ణయించునపుడు ఆ గణనమే ఆధారమయ్యెను. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజనలో మైదాన ప్రాంతములకు 1,20,000 రూపాయల సహాయమును, కనీసము 25 చదరపు మీటర్ల వైశాల్యమును నిర్ణయించిరి. ఇల్లు లేనివారికి అది మేలే చేసినది. కాని బాగుచేసికొనిన చాలు నను ఇంటివాడు సహితము, మట్టి ఇంట నుండుట తక్కువతనమని తలచి, సహాయపు సొమ్మునకు రెండింతలు అప్పు చేర్చి కట్టుటకు పూనుకొనుట శోచనీయము.

మట్టి దుర్బలమైనదా? ఏమెన్ దేశమందు షిబాం అను పట్టణమున పచ్చి ఇటుకలతో కట్టిన బహుళ అంతస్తుల ఇండ్లు పదునాఱవ శతాబ్దినాటివి నేటికిని నిలిచియున్నవి. ఏటేట పూతలు పూసి కాపాడుకొనుటయే వాని ఆయువు. మన దేశముననే లారీ బేకరు అను ఆంగ్లేయుడు 1940 ప్రాంతములందు వచ్చి, ఇచ్చటనే స్థిరపడి, కేరళమున బీదలకును మధ్యతరగతివారికిని స్వల్పవ్యయముతో ఇండ్లు కట్టించెను. ఇంటికి కావలసిన వస్తువులు అయిదు మైళ్ల లోపల దొరకునవి కావలెనని గాంధీమహాత్ముడు తనతో చెప్పిన మాటను ఆయన జన్మమంతయు పాటించెను. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ సందువిడుచు పద్ధతిచే ఆయన సుమారు నాలుగవవంతు ఇటుకలను మిగిల్చెను. 1990లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. 2007లో ఆయన దివంగతుడయ్యెను.

మఱియొక ఉదాహరణము మనకు హెచ్చరికగా పనికివచ్చును. ఈజిప్టు దేశపు హసన్ ఫతీ 1945లో లుక్సరు సమీపమున క్రొత్త గూర్నా అను గ్రామమును పచ్చి ఇటుకలతో కట్ట నారంభించెను. కలప కఱవైన దేశమగుటచే కట్టెలేకుండ ఇటుకలతోనే వంపుకప్పులు వేయించెను. కట్టడములు అందముగా నుండెను. కాని పాత గ్రామస్థులలో పెక్కురు అచ్చటికి పోవుటకు ఒప్పుకొనలేదు. తరలింపు నిర్ణయము వారిది కాదు. ఎంత మంచి ఇల్లైనను అందులో నుండువారిని అడుగక కట్టినచో నిలువదు. మేమును ఏ సభ్యునికిని మట్టి ఇంటిని అంటగట్టదలచుట లేదు; ఎంచుకొను స్వాతంత్ర్యము నిజముగా దొరకవలెనని మాత్రమే కోరుచున్నాము.

దూరదేశముల మాట అటుంచుదము. మన పొరుగుననున్న బెంగళూరి భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో గ్రామోపయోగమైన విద్యల కొఱకు ‘అస్త్ర’ అను విభాగము నెలకొల్పబడెను. అచ్చటివారు మట్టిలో 100కి 5 నుండి 8 పాళ్లవఱకు సిమెంటు కలిపి, చేతియంత్రమున నొక్కి, గట్టి దిమ్మెలు చేయు పద్ధతిని అభివృద్ధి చేసిరి. వీనికి బట్టీ యక్కఱలేదు, కట్టెలు కాల్చనక్కఱలేదు. మూడు వారములు నీడలో గడ్డి కప్పి తడిపిన చాలును. భారత ప్రమాణముల సంస్థ ఇట్టి దిమ్మెలకు 1725 అను సంఖ్యతో ప్రమాణమును ఏర్పఱచినది. మన జిల్లాలోనే చిలమత్తూరు మండలమందలి టేకులోడు వద్ద ప్రోటో విలేజి అను పేరున గ్రామస్థులు మట్టితో తామే ఇండ్లు కట్టుకొనిరి. చూచి రాదలచినవారికి అది దూరము కాదు.

సిమెంటు సంగతియు రైతు ఎఱుగదగినది. సున్నపురాతిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయుదురు. ప్రపంచమందు మనుష్యుల పనులవలన వెలువడు బొగ్గుపులుసు వాయువులో 100కి ఇంచుమించు 7, 8 పాళ్లు సిమెంటు పరిశ్రమనుండియే వచ్చుచున్నవి. ఎండలు ముదిరి వానలు గతితప్పుచున్న ఈ దినములలో ఆకాశమునే నమ్ముకొనిన మెట్టరైతుకు ఇది పరాయి విషయము కాదు. అవసరమైనచోట సిమెంటు వాడుదము. మట్టితో తీరు పనికి సిమెంటు వాడనక్కఱలేదు.

సభ్యులు తాముగా చేసికొనదగిన కొన్ని పనులను ఇచ్చట వ్రాయుచున్నాము.

మన్నును పరీక్షించుటకు వెడల్పుమూతి గాజుసీసాలో మూడవవంతు మన్ను వేసి, నీరు పోసి, చిటికెడుప్పు కలిపి, బాగుగా కుదిపి ఒక దినము కదల్పక ఉంచవలెను. ఇసుక అడుగున, సన్నని ఒండు నడుమ, జిగురుమన్ను పైన తేరును. 100కి 65 పాళ్లకు పైగా ఇసుకయు, 10, 15 పాళ్ల జిగురును గల ఎఱ్ఱమన్ను దిమ్మెలకు అనుకూలము. నల్లరేగడి తడిసి ఉబ్బి, ఎండి నెఱ్ఱెలు వాఱును గనుక ఒంటిగా పనికిరాదు. పంటనేల పైమన్నును ఎన్నడును తీయరాదు. పొలములో నీటికుంట త్రవ్వినపుడు అడుగున వచ్చిన మన్నును ఇంటికి వాడుట మేలు.

మిద్దెపై క్రొత్త చవుడు పోయుటకు ముందు పాతమట్టి మందమును కొలువవలెను. ఆఱంగుళములకు మించినదానిని గీచి దింపి, పిమ్మట రెండంగుళముల చవుడు పరచి దిమ్మిసతో కొట్టవలెను. దూలముల కొనలు గోడలో దూరినచోట చెదలును పుచ్చును చూడవలెను. కొనపై చేతిసుత్తితో కొట్టినపుడు బోలు మ్రోత వచ్చినచో వెంటనే క్రింద కంబము నిలుపవలెను. తూము గోడకు కనీసము అడుగుదూరము వెలుపలికి పొడుచుకొని రావలెను. మట్టిగోడపై సిమెంటు పూత పూయరాదు. అది గోడతో అతుకుకొనదు. పైగా లోపలి చెమ్మను బయటికి పోనీయక గోడను కుళ్లబెట్టును. మట్టి, సున్నము కలిపిన పూతయే తగినది. సిమెంటు కప్పు గలవారును వేసవికి ముందు కప్పుపై తెల్లసున్నము వేసినచో ఎండ చాలవఱకు తిరిగి పోవును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు మూలసూత్ర మిదియే.

గోడ నిలువునకు పగిలి బయటికి వంగినచోట, దూలము జారినచోట మాత్రము మరమ్మతు మాట తలపెట్టరాదు. అట్టి ఇంటిలో వానకాలము ఒక్క రాత్రియు పరుండవలదని మా గట్టి హెచ్చరిక. మిద్దెపై మక్కువ ప్రాణముకంటె పెద్దది కాదు.

ఇప్పుడు సంఘము చేయవలసినది చెప్పెదము. 1904వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టముతో ఈ దేశమున సంఘములు పుట్టినది రైతును వడ్డీవ్యాపారి కబంధహస్తములనుండి తప్పించుటకు. విత్తనమునకు, ఎరువునకు, పశువులకు సంఘము అప్పిచ్చుచున్నది. ఇల్లు మాత్రము పెండ్లివలె రైతు సొంతఖర్చని విడిచిపెట్టుట వలన, కప్పు కారిననాడు అతడు మరల ఆ వ్యాపారి గుమ్మమే ఎక్కుచున్నాడు. అందును చిత్రమేమనగా, మిద్దె మరమ్మతునకు కావలసిన సొమ్ము స్వల్పము. అది సకాలమున చేతికి అందక, నాలుగేండ్లకు క్రొత్త ఇంటికి పెద్ద అప్పు పడుచున్నది. వేరుసెనగ ఒక పంట పోయినచో ఆ అప్పు వడ్డీ కట్టుటకు ఎడ్లనో, గొఱ్ఱెలనో అమ్ముకొనవలసివచ్చును. కరవుసీమలో ఏ అప్పైనను వానపై వేసిన పందెమే గనుక, అప్పు ఎంత చిన్నదైన అంత క్షేమము.

కావున రాబోవు సర్వసభ్యసమావేశమున మూడు తీర్మానములు చర్చింపవలెనని మా మనవి.

మొదటిది: చిత్తకార్తె లోపల గాక, మే మాసముననే చెల్లింపబడు ‘మిద్దె మరమ్మతు అప్పు’ను ప్రత్యేక పద్దుగా ఏర్పఱచవలెను. ఇంటిని అనుభవజ్ఞుడగు బేల్దారియు, ఇద్దఱు సభ్యులును చూచి, నిలువదగినదని వ్రాసియిచ్చిన పిమ్మటనే సొమ్ము చెల్లవలెను. పంట ఇంటికి వచ్చిన పిదప తీర్చునట్లు గడువుండవలెను.

రెండవది: దిమ్మెలు నొక్కు చేతియంత్ర మొకటి సంఘము కొని, నూర్పిడి యంత్రమువలె సభ్యులకు అద్దెకియ్యవలెను. 2023 జనవరిలో కేంద్ర సహకార మంత్రిత్వశాఖ పంపిన నమూనా ఉపనిబంధనలు ప్రాథమిక సంఘములు ఇరువదియైదుకు పైబడిన వ్యాపకములు చేపట్టవచ్చునని సూచించినవి. పనిముట్లను అద్దెకిచ్చుట వానిలో నొకటి.

మూడవది: మిద్దెపని ఎఱిగిన వృద్ధులగు బేల్దారులకు కూలియిచ్చి, ఒక్కొక్కరి చేతిక్రింద ఇద్దఱు ముగ్గురు యువకులకు పని నేర్పింపవలెను. ఆ వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు. దూలమును ఎట్లు కూర్చవలెనో, చవుడును ఎక్కడ త్రవ్వవలెనో, గోడకు పొడవురాతిని ఎన్నడుగులకొకటి వేయవలెనో వారి చేతులకే తెలియును. వారితో ఈ విద్య పోయినచో, తరువాత మిద్దెను నిలుపదలచినవానికి సొమ్మున్నను పనివాడు దొరకడు.

సిమెంటు ఇంటికి పెట్టిన సొమ్ములో అధికభాగము కర్మాగారములకును, ఇనుపదుకాణములకును పోవును. మిద్దె మరమ్మతునకు పెట్టిన సొమ్ము త్రవ్వినవానికి, మోసినవానికి, తట్టినవానికి కూలియై ఊరిలోనే తిరుగును. సహకారమునకు ఇంతకంటె తగిన పని యేది?

ఈ తీర్మానములలో లోపములున్నచో సభ్యులు సభలో చెప్పవలెను. మంచి సూచనలున్నచో సంఘపు కార్యాలయమునకు వ్రాయవలెను. సభవఱకు ఒక్క పనిమాత్రము వాయిదా వేయవలదు. ఈ ఆదివారమే నిచ్చెన వేసికొని మిద్దెపైకెక్కి, మట్టి మందమెంతయో, తూములు తెఱపిగా నున్నవో లేవో, దూలముల కొనలు ఎట్లున్నవో చూచికొనుడు. పడగొట్టుటయా, నిలబెట్టుటయా అను నిర్ణయము ఆ తరువాత చేయవచ్చును.